పనిముట్టు మన చేతికి తగ్గట్టు!

కంప్యూటర్లో ప్లాను గీసే సాఫ్ట్‌వేర్ అందరికీ ఒకేలా వస్తుంది. అందరి చేతులూ మాత్రం ఒకేలా ఉండవు. మరి మారాల్సింది ఏది... చెయ్యా, సాఫ్ట్‌వేరా? మగ్గాల ఊరు వేటపాలెం ఈ ప్రశ్నకి ఎప్పుడో జవాబు చెప్పేసింది!

వేటపాలెం అనగానే కొందరికి 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం గుర్తొస్తుంది. ఇంకొందరికి జీడిపప్పు. కానీ ఊళ్లోకి అడుగుపెట్టిన వాళ్లని ముందు పలకరించేది మగ్గం చప్పుడే.

గుంటమగ్గం దగ్గర కూర్చున్న నేతగాణ్ని కాసేపు గమనించండి. కాళ్లు గుంటలో ఉంటాయి. చెయ్యి నాడెను ఆడించే తాడు మీద ఉంటుంది. చూపు మాత్రం పడుగు మీది నుంచి కదలదు. ఏ చెక్క తొక్కితే ఏ దారాలు లేస్తాయో ఒక్కసారైనా కిందికి వంగి చూడడు. చూడాల్సిన అవసరమేంటి? ఆ చెక్కకి తాడు ముడేసింది తనే కదా! నేత రకం మారితే ముడులు విప్పి మళ్లీ కడతాడు. తాడు పొడుగు కూడా తన కాలికి అందేట్టే సవరించుకుంటాడు.

ఇప్పుడు ఇలాంటి ఇంట్లోనే పుట్టి, సివిల్ డిప్లొమా చేసి, ఏ ఇంజినీరు దగ్గరో ఇళ్ల ప్లాన్లు గీస్తున్న కుర్రాణ్ని ఊహించుకోండి. ఎదురుగా ఆటోక్యాడ్. గీత గీయాలంటే మౌస్‌ను పైకి తీసుకెళ్లాలి. బొమ్మల వరసలో కావాల్సింది వెతకాలి. నొక్కాలి. మళ్లీ ప్లాను దగ్గరకి రావాలి. గోడ ఎక్కడ ఆపాడో మళ్లీ వెతుక్కోవాలి.

ఒక ప్లానుకి 500 ఆదేశాలు ఇవ్వాల్సొచ్చిందనుకుందాం. ఒక్కో వెతుకులాటకి 3 సెకన్లు వేసుకున్నా 1500 సెకన్లు. అంటే 25 నిమిషాలు! షీటుకింత అని డబ్బులిచ్చే చోట అది కూలీ లేని పనే. మాటిమాటికీ చూపు తిప్పడం వల్ల దొర్లే తప్పులు, సాయంత్రానికి లాగే మణికట్టు... అవి వేరే లెక్క.

ఎడమ చెయ్యి ఖాళీయేగా!

1982 డిసెంబరులో ఆటోక్యాడ్ తొలి వెర్షన్ వచ్చింది. ఇప్పటికీ ఇందులో ఏ పనైనా కీబోర్డు మీద పేరు కొట్టి చేయించుకోవచ్చు. పూర్తి పేరు కూడా అక్కర్లేదు. 'ఎల్' కొట్టి స్పేస్‌బార్ నొక్కితే గీత, 'సీ' కొడితే వృత్తం, 'ఎం' కొడితే జరపడం, 'సీఓ' కొడితే కాపీ. చేసిన పనే మళ్లీ చేయాలంటే ఒట్టి స్పేస్‌బార్ చాలు.

అయితే చిన్న చిక్కుంది. ఎల్, ఎం, ఓ... మూడూ కీబోర్డుకి కుడివైపున ఉంటాయి. కుడిచెయ్యేమో మౌస్ మీద ఉంటుంది. పాపం, ఎడమ చెయ్యి అంత దూరం సాగాలి. చూపు తెర మీంచి కిందికి దిగాలి.

మరి ముడి మార్చుకోలేమా? భేషుగ్గా మార్చుకోవచ్చు. ఈ పొట్టి పేర్లన్నీ 'అకాడ్ డాట్ పీజీపీ' అనే మామూలు ఫైల్లో ఉంటాయి. మేనేజ్ ట్యాబ్‌లో 'ఎడిట్ ఎలియసెస్' నొక్కితే నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఒక్కో వరసలో ముందు పొట్టిపేరు, తర్వాత కామా, నక్షత్రం గుర్తు, అసలు ఆదేశం ఉంటాయి. కాపీకి 'సీసీ', మూవ్‌కి 'వీవీ', ఆఫ్‌సెట్‌కి 'ఎఫ్ఎఫ్' అని రాసుకున్నారనుకోండి, అన్నీ ఎడమ చేతి కిందికే వచ్చేస్తాయి.

రాసేది మాత్రం ఫైలు చివర, వాడేవాళ్ల కోసం విడిగా వదిలిన చోటే. ఒకే పొట్టిపేరు రెండుచోట్ల ఉంటే అక్కడ రాసిందే చెల్లుతుంది. తర్వాత సేవ్ చేసి, 'రీఇనిట్' అని కొట్టి, పీజీపీ ఫైలు దగ్గర టిక్ పెడితే సరి. అన్నట్టు, చెయ్యి పెట్టేముందు పాత ఫైలుకి ఒక నకలు తీసి పెట్టుకోవడం మర్చిపోకండి!

మెనూ కూడా మనదే

ఒకప్పుడు మెనూ మార్చాలంటే ఫైల్లో వరసలకి వరసలు రాయాల్సొచ్చేది. ఆటోక్యాడ్ 2006తో ఆ తిప్పలు తగ్గాయి. 'సీయూఐ' అని కొడితే తెరుచుకునే కిటికీలో బొత్తాలను మౌస్‌తో లాగి కావాల్సిన చోట పెట్టుకోవచ్చు. తర్వాత వచ్చిన రిబ్బను నచ్చని పాతకాపులు 'మెనూబార్' అని కొట్టి విలువ 1 ఇస్తే పాత వరస మళ్లీ ప్రత్యక్షం!

అసలు మజా బొత్తం వెనక ఉండే మాక్రోలో ఉంది. గోడల పొర ఎంచుకోవడం, గీత మొదలెట్టడం... ఈ రెండూ ఒక్క నొక్కుతో అయ్యేలా రాసుకోవచ్చు. అలాంటి మాక్రోల మొదట్లో మామూలుగా రద్దు గుర్తు రెండుసార్లు ఉంటుంది. కొత్త పని ఎత్తుకునే ముందు చేతిలోది కింద పెట్టమని చెప్పడమన్నమాట.

చుట్టరికం పాతదే

మగ్గానికీ కంప్యూటర్‌కీ పోలికేంటని నవ్వుకోకండి. ఫ్రాన్స్‌లో జకార్డు 1804లో తెచ్చిన మగ్గం, చిల్లులు పొడిచిన అట్టలను బట్టి ఏ దారం లేపాలో తెలుసుకునేది. చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రానికి ఆదేశాలిచ్చేందుకు ఆ అట్టల ఆలోచననే తీసుకున్నాడు. అలా చూస్తే మన కుర్రాడి కంప్యూటర్ వాళ్ల నాన్న మగ్గానికి దూరపు చుట్టమే!

ఇప్పుడు చీర అంచు డిజైన్లూ కంప్యూటర్లోకి వచ్చేశాయి. జకార్డు, డాబీ నేతల కోసం 'డిజిబునాయ్' లాంటి సాఫ్ట్‌వేర్లున్నాయి. అంచు గీసినా, ఇల్లు గీసినా సూత్రం ఒకటే... చూపు పని మీద ఉండాలి, పనిముట్టు మీద కాదు.

ముడులు మూటగట్టుకోండి

ఇన్ని సర్దుకున్నాక ఉద్యోగం మారితే? కొత్త ఆఫీసులో, కొత్త కంప్యూటర్ ముందు చెయ్యి తడబడుతుంది. 'వీవీ' కొడితే అక్కడేం కదలదు! అందుకే పీజీపీ ఫైలూ, సీయూఐఎక్స్ ఫైలూ పెన్‌డ్రైవులో దాచుకోవాలి. వాటిలో ఏం మార్చారో చిన్న పుస్తకంలో రాసుకుంటే మరీ మంచిది. నలుగురు వాడే కంప్యూటరైతే అడక్కుండా మార్చకూడదు. పొరుగువాడి మగ్గం ముడులు మనం విప్పుతామా?

కంపెనీ ఇచ్చిన అసలు పొట్టిపేర్లూ నోటికి వచ్చి ఉండాలి. ఇంటర్వ్యూలో కూర్చోబెట్టే కంప్యూటర్‌కి మన అలవాట్లు తెలీవు మరి.

అన్నీ ఒకేరోజు మార్చేయనక్కర్లేదు. ఈ వారం మీరు ఎక్కువసార్లు వెతుక్కున్న బొత్తాలేవో చూసి, మూడింటికి ముడేయండి. అవి వేళ్లకి వచ్చాక ఇంకో మూడు. ఏదో ఒకరోజు పక్కవాళ్లు 'ఏ మీట నొక్కావు?' అనడిగితే, మీకూ కీబోర్డు వైపు చూస్తేగానీ జవాబు దొరకదు.

ఆ రోజు పని మీ చేతికొచ్చినట్టే!