దత్తపుత్రాత్మ: తెలుగు క్రైస్తవ పరిభాషలో దత్తత భావన

వ్యాససంగ్రహం:
విశ్వాసి దేవుని కుటుంబంలోనికి సంతానంగా స్వీకరింపబడతాడనే పౌలు సిద్ధాంతం తెలుగు బైబిలులో ‘దత్తపుత్రాత్మ’ అనే సమాసంతో వ్యక్తమైంది. ఈ పదం మన దత్తత సంప్రదాయంతో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విభేదిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: దత్తత, పుత్రత్వం, వారసత్వం, ఇల్లటం, పౌలు.

1. ఉపోద్ఘాతం:
జనగామ జిల్లా లింగాల ఘనపూర్ వంటి గ్రామీణ మండలాలలో ‘దత్తత’ అనగానే స్ఫురించేవి ఇంటిపేరు, భూమి, తలకొరివి. ఆరాధనలో రోమా 8:15 చదివినప్పుడు శ్రోత ఈ లోకానుభవంతోనే ఆ మాటను గ్రహిస్తాడు. కనుక సిద్ధాంత వివరణ ఆ అనుభవం నుండే మొదలుకావాలి.

2. మూలపదం:
గ్రీకులో ‘హుయోథెసియా’ అంటే కుమారుని స్థానంలో నిలుపుట. ఇది కొత్త నిబంధనలో ఐదుచోట్ల మాత్రమే, అదీ పౌలు పేరిట ఉన్న లేఖలలోనే (రోమా 8:15, 8:23, 9:4, గలతీ 4:5, ఎఫెసీ 1:5) కనిపిస్తుంది. రోమన్ న్యాయంలో దత్తుడు పూర్వపు తండ్రి అధికారం నుండి తొలగి కొత్త తండ్రి అధికారంలోనికి, వారసత్వంలోనికి వస్తాడు. దాసుడు కుమారుడై వారసుడగుటను పౌలు గలతీ 4:7లో ప్రతిపాదించాడు.

3. సామ్యభేదాలు:
ధర్మశాస్త్ర దత్తతలోనూ జన్మకుటుంబ సంబంధం తెగి, కొత్త గోత్రం, కొత్త వారసత్వం లభిస్తాయి. రెడ్డి, కమ్మ కులాల ఇల్లటపుటల్లుడు మాత్రం జన్మకుటుంబ హక్కును కోల్పోడు. పౌలు చెప్పే దత్తతలో పాత దాస్యానికి తిరిగివెళ్లే వీలు లేదు గనుక ‘దత్త’ శబ్దమే దానికి తగినది.

భేదాలు మూడు. లోకంలో దత్తత సాధారణంగా సంతానలేమిని తీర్చడానికి. ఇక్కడ స్వీకరించే తండ్రికి ఏ కొరతా లేదు. సంప్రదాయం సవర్ణుణ్ణి కోరింది. గలతీ 3:28 ఆ విధమైన హద్దులను అంగీకరించదు. అక్కడ వారసత్వం తండ్రి మరణానంతరం దక్కుతుంది. ఇక్కడ తండ్రి నిత్యుడు, వారసుడు క్రీస్తుతోడి వారసుడు (రోమా 8:17).

4. ‘పుత్ర’ శబ్దం:
శాస్త్రసమ్మత దత్తత ప్రధానంగా మగపిల్లలకే పరిమితమైంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఆడపిల్లల దత్తతను కూడా గుర్తించింది. పౌలు కుమారులనూ కుమార్తెలనూ కలిపి పేర్కొన్నాడు (2 కొరింథీ 6:18). కనుక ఈ సమాసంలో ‘పుత్ర’ శబ్దాన్ని లింగసూచకంగా కాక, వారసుని హోదాగా గ్రహించాలి.

5. సిద్ధాంతం, చట్టం:
1956 చట్టం క్రైస్తవులకు వర్తించదు. వారికి చాలాకాలం 1890 నాటి సంరక్షకుల చట్టమే ప్రధాన మార్గం. దానివల్ల సంరక్షకత్వమే తప్ప పుత్రత్వం రాదు. తాము దేవుని దత్తసంతానమని విశ్వసించేవారు తాము పెంచిన బిడ్డకు ఆ హోదాను చట్టబద్ధంగా ఇవ్వడం కష్టమైంది. బాలల న్యాయ చట్టానికి 2006లో జరిగిన సవరణ ఈ స్థితిని మార్చింది. ఆ చట్టం ప్రకారం ఏ మతస్థులైనా దత్తత తీసుకోవచ్చునని షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు 2014లో స్పష్టపరచింది.

6. ముగింపు:
సంరక్షణకూ పుత్రత్వానికీ గల అంతరమే ఈ సిద్ధాంతానికి కీలకం. సంరక్షకుని బాధ్యతకు గడువుంటుంది. దత్తసంతానపు స్థానానికి గడువు లేదు. ‘దత్తపుత్రాత్మ’ను బోధించేవారు ‘దేవుడు పోషిస్తాడు’ అనే అర్థంతో ఆగక, హోదా, హక్కు, వారసత్వం అనే మూడింటినీ వివరించినప్పుడే పదార్థం సమగ్రమవుతుంది.