సార్లా పాత ఊరు ఎలా నిలిచింది?

ఫ్రాన్స్ నైరుతి భాగంలో, దోర్దోన్ నదికి కొద్ది దూరంలో సార్లా అనే చిన్న పట్నం ఉంది. జనాభా పదివేల లోపే. ఇరుకు సందులు, ఎండ పడితే పసుపుపచ్చగా మెరిసే సున్నపురాతి గోడలు, వాటిపైన నిటారు కప్పులు. మధ్యయుగపు ఊరు దాదాపు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. ఇన్ని వందల ఏళ్లు ఇది ఎలా నిలిచిందో తెలుసుకుని వెళితే, చూసేటప్పుడు కంటికి ఎక్కువ ఆనుతుంది.

ఈ ఊరు ఒక క్రైస్తవ మఠం చుట్టూ పెరిగింది. 1317లో బిషప్ (క్రైస్తవ మతాధికారి) పీఠం వచ్చింది. తర్వాత ఫ్రాన్స్, ఇంగ్లండ్‌ల మధ్య నూరేళ్ల యుద్ధం. 1453లో అది ముగిశాక వర్తకులు, న్యాయాధికారులు మళ్లీ డబ్బు కూడబెట్టి పెద్ద పెద్ద రాతి ఇళ్లు కట్టుకున్నారు. నేడు మనం చూసే మేడల్లో చాలావరకు ఆ 15, 16 శతాబ్దాలవే. నిరంకుశత్వాన్ని ప్రశ్నించిన రచయిత ఎత్యెన్ ద లా బొయెసీ 1530లో పుట్టిన ఇల్లు కేథడ్రల్ ఎదురుగానే ఉంది. దాని కిటికీల చుట్టూ చెక్కిన నగిషీ దగ్గరగా చూడదగ్గది.

ఆ తర్వాత ఊరి దశ తిరగబడింది. పెద్ద రహదారులు, వర్తకం వేరే దిక్కుకు మళ్లాయి. కొత్త ఇళ్లు కట్టుకునే స్తోమత లేక జనం పాతవాటిలోనే సర్దుకున్నారు. 19వ శతాబ్దంలో మాత్రం ఊరిని రెండుగా చీలుస్తూ ఒక తిన్నని వీధి వేశారు. మిగతాదంతా అలాగే ఉండిపోయింది. ఊరిని మొదట కాపాడింది పేదరికమే.

కానీ పేదరికం కూల్చకుండా ఆపగలదు గాని మరమ్మతు చేయించలేదు. ఇక్కడి కప్పులే చూడండి. వాటిపై లోజ్ (పలుచని సున్నపురాతి పలకలు) ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. చదరపు మీటరుకు బరువు సుమారు అర టన్ను. అంత బరువు నేరుగా గోడల మీదికి దిగాలంటే కప్పు నిటారుగా ఉండాలి, కింద బలమైన కలప దూలాలు ఉండాలి. ఒక్క దూలం పుచ్చినా కప్పు కుంగుతుంది, నీరు దిగుతుంది, గోడ పగులుతుంది. 20వ శతాబ్దం నడిమికి ఎన్నో ఇళ్లు ఈ స్థితికి వచ్చాయి.

అప్పుడు చట్టం వచ్చింది. అంతకుముందు రక్షణ ప్రధానంగా విడివిడి కట్టడాలకు, వాటి పరిసరాలకు ఉండేది. మామూలు ఇళ్ల వరసలను పట్టించుకున్నవారు తక్కువ. సాంస్కృతిక మంత్రి ఆంద్రే మల్రో 1962 ఆగస్టు 4న తెచ్చిన చట్టం వాడకు వాడనే ఒక యూనిట్‌గా తీసుకుంది. దాన్ని సెక్తర్ సోవ్‌గార్దే (పరిరక్షిత ప్రాంతం) అన్నారు. ఆ హద్దుల్లో కిటికీ మార్చాలన్నా ప్రభుత్వ వాస్తుశిల్పి అనుమతి కావాలి. దానికి బదులుగా మరమ్మతు ఖర్చులో ప్రభుత్వం చేయూతనిచ్చింది, తర్వాతి కాలంలో యజమానులకు పన్ను రాయితీ కూడా వచ్చింది. ఈ చట్టం కింద ముందుగా పనులు మొదలైన ఊళ్లలో సార్లా ఒకటి. ఆంక్ష, సాయం రెండూ కలిసి వచ్చినందువల్లే ఇది ఫలించిందని నా అభిప్రాయం. ఒట్టి ఆంక్షలతో ఏ ఇల్లూ నిలబడదు.

పాతదాన్ని వాడుకలో ఉంచడం కూడా ఇక్కడ నేర్చుకున్నారు. ఫ్రెంచి విప్లవం తర్వాత గుడిగా వాడుక పోయిన సెంత్ మరీ చర్చిని వాస్తుశిల్పి జాఁ నూవెల్ మార్కెట్‌గా మార్చారు. ఆయన కొంతకాలం ఈ ఊళ్లోనే పెరిగారు. సుమారు 15 మీటర్ల ఎత్తున్న ఉక్కు తలుపులు తెరిస్తే లోపల కూరగాయలు, జున్ను, అక్రోట్లు.

దీనికి మూల్యమూ ఉంది. బాగుపడిన ఇల్లు ఖరీదెక్కుతుంది. కొన్ని ఇళ్లు సెలవులకు మాత్రమే తెరుచుకునే విడిదిళ్లవుతాయి. వీధి దుకాణాలు స్థానికుల అవసరాలకన్నా యాత్రికుల కొనుగోళ్లపైనే నడుస్తాయి. జులై, ఆగస్టుల్లో సందులు కిక్కిరిసిపోతాయి, చలికాలంలో షాపులు చాలా మూతపడతాయి.

బోర్దో నుంచి సార్లాకు రైలుంది. వెళ్లేవారు మే లేదా సెప్టెంబరు ఎంచుకోండి. తిన్నని వీధి దాటి పడమటి వైపు కూడా నడవండి, అక్కడ రద్దీ తక్కువ. వీలైతే ఊళ్లోనే రాత్రి బస చేసి, కొనేదేదో శనివారం సంతలో పండించినవారి దగ్గరే కొనండి.