మన్యపు బాటయు వెట్టిచాకిరియు

వానకాలమున వాగు పొంగినచో వైద్యుని చేరజాలని పల్లెలు మన దుమ్ముగూడెము వారికి క్రొత్త కావు. కావున బాటయన్న మనకు మేలే. అట్టి బాటపై మన్యపువారేల తిరుగబడిరో విచారింతము.

1879 నాటి రంప పితూరీ అప్పటి భద్రాచలము తాలూకాలోని రేకపల్లికి ప్రాకిన సంగతి పెద్దలు వినియుందురు. ఇది దాని తరువాతిది. విశాఖ మన్యములోని గూడెమున జరిగినది. అచ్చటి డిప్యూటీ తహసీల్దారు బాస్టియను నర్సీపట్నమునుండి చింతపల్లివైపు కొండబాట వేయించుచు మన్యపువారిని బలవంతముగా పనికీడ్పించెను. దినమునకు ఆరణాలు రావలసిన చోట రెండణాలే చేతబడెనని చరిత్రకారులు వ్రాసిరి. 1882 నాటి మద్రాసు అటవీ శాసనము పోడునకు ముందే అడ్డుపడియుండెను. పోడును లేదు, కూలియు లేదు; పోలీసులు కొండనెక్కుట మాత్రము సులువయ్యెను.

మొరపెట్టుకొందమన్న తావేది? 1839 నాటి శాసనమువలన ఏజెన్సీలో సామాన్య న్యాయస్థానముల అధికారము సాగదు. కలెక్టరే ఏజెంటు. ఎవనిపై ఫిర్యాదో వాని కచేరీలోనే ఫిర్యాదు! బాస్టియను చేత నొచ్చిన గాము గంటందొర, మల్లుదొర సోదరులు అల్లూరి సీతారామరాజును చేరిరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపైబడి తుపాకులు గొనిపోయిరి. ఆయుధము పట్టుటను నేను మెచ్చను. కాని నోటిమాట చెల్లని చోట వేఱు దారి చూపుటయు నాకు కష్టమే.

పిదప ఉన్న స్వేచ్ఛయు సన్నగిల్లెను. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్సు దిగిరి. 1924 మే 7న రాజును పట్టుకొని న్యాయస్థానమున నిలుపకయే కాల్చి చంపిరి.

నేడు రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించుచున్నది. ప్రజాప్రయోజనార్థము ప్రభుత్వము నిర్బంధసేవ కోరవచ్చునను మినహాయింపును అందే కలదు. బాటయు ప్రజాప్రయోజనమే గదా, దీనిని గమనింపుడు. అయినను 1982లో ఢిల్లీ ఏషియాడు కట్టడముల కూలీల వ్యాజ్యమున, కనీసవేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొను పని నిర్బంధశ్రమయేయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ లెక్కకు నాటి రెండణాల పనియు వెట్టియే. ఆయుధములు లేక శాంతముగా గుమిగూడి కూలి యడుగుటకు 19వ అధికరణము హక్కునిచ్చినది. గంటందొరకు అది లేదు. ఆయన 1924లోనే హతుడయ్యెను. దీర్ఘకాలము చెఱ ననుభవించిన మల్లుదొర 1952 ఎన్నికలలో విశాఖనుండి లోక్‌సభకు సభ్యుడయ్యెను.