గాలికి గుమ్మం, దోమకు గోడ

హసన్‌పర్తిలో ఇల్లు కట్టేవాళ్లు వరండా దగ్గరికి వచ్చేసరికి చిక్కులో పడతారు. ఒకవైపు చెరువు, మరోవైపు వరి పొలాలు. పొద్దుగూకితే చెరువు మీది గాలి హాయిగా వీస్తుంది, దాని వెనకే దోమలూ వస్తాయి. తలుపులేస్తే ఉక్క, తీస్తే కాట్లు. అందుకే ఈమధ్య కొత్త ఇళ్లలో గ్రిల్లుకు తోడు నల్లటి జాలి కూడా కనిపిస్తోంది. తరగతిలో నేను గాలి పీడనం గురించి చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి అడిగాడు: "సార్, మా వరండాకు జాలి కొట్టిచ్చినం. దాంట్ల దారం కంటే బొక్కలే ఎక్కువున్నయి. మరి గాలి అంత తక్కువ ఎందుకొస్తది?"

పిల్లవాడి లెక్క సరైనదే. బజారులో దొరికే మామూలు ఫైబర్ జాలిని 18×16 అంటారు. అంటే అంగుళానికి పడుగులో 18 దారాలు, పేకలో 16. దారం మందం సుమారు 0.28 మిల్లీమీటర్లు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కో కన్ను దాదాపు 1.1 మిల్లీమీటర్ల వెడల్పు, 1.3 మిల్లీమీటర్ల పొడవు వస్తుంది. మొత్తం జాలిలో మూడింట రెండు వంతులు ఖాళీయే.

కానీ గాలికి జిగట ఉంది. నూనెకో తేనెకో ఉన్నంత కాదు గానీ, ఉంది. దారాన్ని తాకిన గాలి పొర అక్కడే అతుక్కుని నిలిచిపోతుంది. దాని పక్క పొర దానివల్ల నెమ్మదిస్తుంది, ఆ పైది ఇంకొంచెం తక్కువగా. ఇలా ప్రతి దారానికీ మందగించిన గాలితో ఒక కనపడని తొడుగు ఏర్పడుతుంది. కంటికి 0.28 మిల్లీమీటర్లుగా కనిపించే దారం, వీచే గాలికి అంతకంటే లావుగా తగులుతుందన్నమాట. గాలి జోరుగా ఉంటే ఆ తొడుగు పలచబడుతుంది, మెల్లగా ఉంటే మందమవుతుంది.

ఇంజినీర్లు దీన్ని రెనాల్డ్స్ సంఖ్యతో కొలుస్తారు. గాలి ఊపుదా, జిగటదా, ఎవరిది పైచేయి అని చెప్పే సంఖ్య అది. సెకనుకు ఒక మీటరు వేగంతో వచ్చే పిల్లగాలి వరండాలోని అడుగు మందం స్తంభాన్ని దాటేటప్పుడు ఆ సంఖ్య 19 వేల దాకా ఉంటుంది. అక్కడ జిగటకు పెద్దగా విలువ లేదు. అదే గాలి జాలి దారాన్ని దాటేటప్పుడు 17, 18 మాత్రమే. జిగట రాజ్యం మొదలైనట్టే. గాలి ఇంకా తగ్గేకొద్దీ, ఉన్న ఆ కాస్త ఊపులో జాలి మింగే వాటా పెరుగుతుంది. ఆకు కదలని మే నెల రాత్రుల్లో జాలిని తిట్టుకోవడానికి కారణం ఇదే. వానాకాలపు ఈదురుగాలిలో జాలి ఉన్న సంగతే గుర్తుండదు.

దీనికి విరుగుడు ఇదే లెక్కలో ఉంది. నాలుగడుగులు, మూడడుగుల కిటికీకి జాలి వేస్తే గాలి పోవడానికి 12 చదరపు అడుగులే. ఇరవై అడుగుల వరండాను ఎనిమిదడుగుల ఎత్తున మూసేస్తే 160. ఇంట్లోకి వచ్చే గాలి అంతే అయినా, జాలి దగ్గర దాని వేగం పదమూడో వంతుకు పడిపోతుంది. జిగట వాటా పెరిగినా మొత్తం మీద పోయే పీడనం బాగా తగ్గుతుంది. కాబట్టి కిటికీకొక ముక్క కొట్టించడం కంటే వరండా మొత్తానికి ఒకే జాలి వేయించి, లోపలి కిటికీలను తెరిచి ఉంచడం మేలు. ఒక షరతు: వెనకవైపు కూడా గాలి బయటికి పోయే దారి ఉండాలి. అది లేకపోతే ఏ జాలి వేసినా, అసలు వేయకపోయినా ఒకటే.

ఇక దోమ సంగతి. విప్పిన రెక్కలతో అది ఈ కన్నులో పట్టదు కాబట్టి ఎగురుతూ దూరలేదు. వాలాలి, కాళ్లతో తడుముకోవాలి, ఒళ్లు ముడుచుకుని దూరాలి. పొట్ట మెత్తన, నొక్కితే నొక్కుకుంటుంది. గట్టిగా ఉండే రొమ్ము భాగమే దానికి అడ్డు. మరో సంగతి, జాలి మన వాసనను ఆపదు. మనం వదిలే బొగ్గుపులుసు వాయువు, చెమట వాసన, ఒంటి వేడి హాయిగా బయటికి పోతుంటాయి. లోపల మనుషులున్నారని దోమకు కబురు అందుతూనే ఉంటుంది. అందుకే అది జాలి మీద వాలి సందు కోసం వెతుకుతుంది. కన్ను పెద్దదైతే ఆ వెతుకులాటా అక్కర్లేదు. రామప్ప గుడిలో కాకతీయ శిల్పులు రాతిలోనే జాలి తొలిచారు. వెలుతురుకు అది గవాక్షం, దోమకు మాత్రం రాజద్వారం.

ఈ జాలి పుట్టుక జల్లెడ నుంచి. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో గిల్బర్ట్ అండ్ బెన్నెట్ అనే జల్లెడల కంపెనీ ఉండేది. 1861లో అంతర్యుద్ధం రావడంతో దక్షిణ రాష్ట్రాల బేరాలు పోయాయి, తీగల బట్ట గుట్టలుగా మిగిలింది. తుప్పు పట్టకుండా దానికి రంగు పూసి కిటికీలకు అమ్మారు. ఈగలు రాకుండా ఉంటే చాలనుకున్న రోజులవి. రోగాలు చిత్తడి నేలల మీది రాత్రి గాలితో వస్తాయని డాక్టర్లే నమ్మేవారు.

ఆ నమ్మకానికి పెద్ద దెబ్బ మన సికింద్రాబాదులో తగిలింది. 1897లో బేగంపేటలో డాక్టర్ రోనాల్డ్ రాస్ మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, తాను పెంచిన దోమలను లోపలికి వదిలేవాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగికి కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ముట్టజెప్పాడు. దోమను బయట ఉంచే తెర అక్కడ దోమను లోపల ఉంచింది! ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో ఆయనకు మలేరియా పరాన్నజీవి కనిపించింది. మనుషుల మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమేనని ఇటలీలో జియోవాన్నీ గ్రాస్సీ 1898లో రుజువు చేశాడు. ఇక ఘనత ఎవరిదన్న తగాదా ఇద్దరూ బతికున్నంత కాలం నడిచింది. 1902 నోబెల్ రాస్ ఒక్కడికే వచ్చింది.

నాకు మాత్రం ఆ బహుమతి తగాదా కంటే వాళ్ల దారుల తేడా ముచ్చటగా ఉంటుంది. రాస్ పట్టు నీళ్ల మీద. గుంటలు పూడ్చు, నూనె పొయ్యి, లార్వాలను చంపు. గ్రాస్సీ పట్టు ఇంటి మీద. 1900లో కపాచ్చో మైదానంలో రైల్వే సిబ్బందిని, వాళ్ల కుటుంబాలను పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా జాలి ఇళ్లలో ఉంచాడు. అలా రక్షణలో ఉన్న 112 మందిలో ఐదుగురికే జ్వరం వచ్చింది. రక్షణ లేని 415 మందిలో ఒక్కరూ తప్పించుకోలేదు. హసన్‌పర్తి చెరువును పూడ్చమని ఎవరూ అనరు గాక అనరు, పొలాలను ఎండబెట్టమనీ అనరు. కాబట్టి ఇక్కడ నా ఓటు గ్రాస్సీకే.

అదే ఏడాది క్యూబాలో ఒక గది కట్టారు. జాలి కథలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. పచ్చజ్వరం ఎలా వస్తుందో తేల్చడానికి అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందం గది నడుమ తీగ జాలి బిగించింది. ఒక పక్క రోగుల రక్తం తాగిన దోమలు, రెండో పక్క దోమల్లేవు. గాలి రెండు పక్కలా ఒకటే. డిసెంబర్ 21న జాన్ మోరాన్ అనే యువకుడు దోమల పక్కకు వెళ్లి కుట్టించుకున్నాడు. క్రిస్మస్ నాటికి జ్వరం పట్టుకుంది. జాలికి ఇవతల అదే గాలి పీలుస్తూ పడుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. గాలిని వదిలి దోమను ఆపగల వస్తువు ఒకటుంది కాబట్టే ఆ రెంటిలో దోషి ఎవరో తేలింది.

తర్వాత పనామా కాలువ తవ్వేటప్పుడు ఉద్యోగుల ఇళ్లకు వరండాలతో సహా జాలి బిగించారు. ఉప్పుగాలికి ఇనుము నిలవదని రాగి తీగ వాడారు. ఆపైన అల్యూమినియం వచ్చింది, ప్లాస్టిక్ పూసిన గాజు దారం వచ్చింది. ఇప్పుడు మనం ఫైబర్ అంటున్నది ఆ గాజు దారాన్నే.

ఇక ఏది కొనాలి? హనుమకొండలో షాపువాళ్ల మాట ఎప్పుడూ ఒకటే: "స్టీలు ఏపిచ్చుకోండ్రి సార్, ఎలుక కొరకది, పిల్లి గీరది." మోకాలి ఎత్తు వరకు అది నిజమే. అంత వరకు స్టీలు, పైన ఫైబర్ వేయిస్తే ఖర్చు కలిసొస్తుంది. రంగు నలుపే మేలు. తెల్ల దారం ఎండను వెదజల్లి చూపును మసకబారుస్తుంది. నల్లది వెలుగును మింగేస్తుంది కాబట్టి చూపు నేరుగా పొలాల మీదికి పోతుంది. జాలి కళ్లు మరీ చిన్నవి కావాలని పట్టుబట్టొద్దు. 2003లో వరంగల్, కరీంనగర్ జిల్లాల పిల్లలను చండీపుర వైరస్ పొట్టన పెట్టుకున్నప్పుడు అనుమానం ఇసుక ఈగల మీదికి వెళ్లింది. ఆ ఈగ మామూలు దోమల జాలిలోంచి సులువుగా దూరుతుంది. దాన్ని ఆపేంత సన్న జాలి వేస్తే గాలి కూడా ఆగిపోతుంది. దానికంటే ఇంటి చుట్టూ గోడల పగుళ్లు పూడ్చుకోవడం నయం.

బిగింపులో చూడదగ్గ పని అంచు దగ్గర జరుగుతుంది. అల్యూమినియం సెక్షన్‌లో సన్నటి గాడి ఉంటుంది. దాని మీద జాలి పరిచి, రబ్బరు బీడింగును చిన్న చక్రంతో గాడిలోకి నొక్కుతారు. బీడింగు దిగేకొద్దీ జాలిని తనతో లోపలికి లాక్కుంటుంది, ఆ లాగుడుకే బట్ట డప్పులా బిగుస్తుంది. మేస్త్రీ ముందే చేత్తో గట్టిగా లాగి పట్టుకుంటే, అన్ని వైపులా బీడింగు ఎక్కేసరికి చట్రం నడుము లోపలికి వంగి అక్కడ సందు మిగులుతుంది. నాలుగడుగుల కంటే వెడల్పయితే మధ్యలో ఒక పట్టీ వేయించండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే జాలి మీద వాలి కాచుకున్న దోమలన్నీ దాంతోపాటే లోపలికొస్తాయి. తలుపు కింద కుచ్చు పట్టీ తప్పనిసరి. ఒక మీటరు తలుపు కింద మూడు మిల్లీమీటర్ల సందు వదిలితే, రెండు వేలకు పైగా జాలి కళ్లకు సమానమైన ఖాళీ వదిలినట్టు.

వరికోతల దుమ్ము పడితే జాలి కళ్లు మూసుకుపోతాయి, మెత్తటి బ్రష్షు, సబ్బునీళ్లు చాలు. పూలకుండీల కింది పళ్లేలు, కూలర్ తొట్టి వరండా లోపలే ఉంటే వారానికోసారి వంపేయండి. లోపల పుట్టిన దోమకు ఈ జాలి బయటికి దారి ఇవ్వదు. వరండా కడిగిన నీళ్లు పోవడానికి గోడ అడుగున పైపు ఒకటి పెడతారు కదా, దాని మూతికీ జానెడు స్టీలు జాలి కట్టించండి. చాలామంది మేస్త్రీలు దాన్ని వదిలేస్తారు.