సంవత్సరం అచ్చేసిన గుంట

1934 ప్రాంతంలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, నీనా అనే ఊరికి చెందిన జె. కె. పోస్ట్ ఒక దళసరి అట్టకు వరుసలుగా గుంటలు పెట్టి అమ్మకానికి తెచ్చాడు. ఒక్కో గుంటలో ఒక్క సెంటు నాణెం బిగుతుగా కూర్చుంటుంది. గుంట కింద నాణెం మీది సంవత్సరం, దాన్ని ముద్రించిన టంకశాల గుర్తు అచ్చేసి ఉంటాయి. మామూలు ఫోటో ఫ్రేములో ఇమిడే సైజు కాబట్టి గోడకు తగిలించుకోవచ్చు. ఇందులో మరలు లేవు, స్ప్రింగులు లేవు. అయినా నా దృష్టిలో ఇది అసలుసిసలు ఆవిష్కరణ.

అంతకుముందు నాణేలు కూడబెట్టడం కలిగినవాళ్ల వ్యాపకం. లండన్‌లో వైద్యుడిగా పేరుపొందిన విలియం హంటర్ 18వ శతాబ్దంలో పోగుచేసిన నాణేలు ఇప్పుడు గ్లాస్గోలో ఆయన పేరు మీదే ఉన్న మ్యూజియంలో ఉన్నాయి. అలాంటివాళ్లు పల్చటి సొరుగుల చెక్క బీరువాలు చేయించుకునేవారు. తమ దగ్గర ఏది లేదో తెలియాలంటే పుస్తకాలు తిరగేయాలి, నాణేల వర్తకుణ్ణి అడగాలి.

పోస్ట్ అట్ట ఆ జాబితాను నాణేల పక్కనే అచ్చేసింది. ఏది దొరికిందో, ఏది దొరకలేదో పిల్లవాడికి కూడా ఒక్క చూపులో తెలిసిపోతుంది. పైగా అది మహామాంద్యం కాలం. ఒక సెంటు నాణేన్ని దాచుకుంటే అయ్యే ఖర్చు ఒక సెంటే, అవసరమైతే తీసి వాడుకోవచ్చు. దాంతో ఇళ్లలో చిల్లర కుప్పపోసి వెతకడం మొదలైంది. 1909లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్రించిన, వెనకవైపు శిల్పి విక్టర్ డేవిడ్ బ్రెనర్ పొడి అక్షరాలున్న లింకన్ సెంట్లు 4,84,000 మాత్రమే. చాలామంది అట్టల్లో ఆ గుంట ఖాళీగానే మిగిలింది. వెతుకులాటకు ప్రాణం పోసింది ఆ ఖాళీయే. జేబులో ఏళ్ల తరబడి తిరిగిన నాణెం మీద సంవత్సరం కింద ఒక చిన్న అక్షరం ఉందని లక్షలమంది అప్పుడే మొదటిసారి గమనించారు.

ఆ వ్యాపారం తర్వాత రసీన్ పట్టణంలోని విట్‌మన్ ప్రచురణ సంస్థ చేతికి వెళ్లింది. పిల్లల పుస్తకాలు వేసే ఆ సంస్థలో దీన్ని చూసుకున్న రిచర్డ్ యో, 1940లో అట్టను మూడు మడతల ఫోల్డరుగా మార్చాడు. అలా గోడ మీది అట్ట పుస్తకాల అరలోకి చేరింది. యోమన్ అనే కలం పేరుతో ఆయన 1946లో తెచ్చిన ఎర్ర అట్ట ధరల పుస్తకం ఈనాటికీ ఏటా కొత్త కూర్పుతో వస్తోంది.

ఇక రెండో కథ. నాణేలను కాపాడాల్సిన ఇల్లే వాటిని తినేస్తుంది. చెక్క బీరువాల్లో మహోగనీకి అంత గిరాకీ ఎందుకంటే, ఓక్ చెక్క ఎసిటిక్ ఆమ్లం ఆవిరిని వదులుతుంది. వెనిగర్‌లో ఉండే పులుపు అదే. సీసానికి అది ప్రాణాంతకం. ఆవిరి సీసంతో కలిసి ఒక లవణంగా మారుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ లవణాన్ని తెల్లటి పొడిగా మార్చి, ఆమ్లాన్ని మళ్లీ విడుదల చేస్తుంది. కాస్త ఆమ్లమే తిరిగి తిరిగి పనిచేస్తూ నాణేన్ని పొడి చేసేస్తుంది. మనవాళ్లకు ఇది పరాయి సంగతి కాదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన వాటితో సహా సాతవాహనుల నాణేల్లో సీసపువి ఎన్నో ఉన్నాయి. రెండువేల ఏళ్లు మట్టిలో నిలిచినవాటికి ఒక తప్పుడు సొరుగు చాలు.

అట్ట ఫోల్డరుకూ తనదైన చెరుపు ఉంది. చవక కాగితంలోని గంధకం వెండి మీద నల్లపొర తెస్తుంది. బొటనవేలితో గుంటలోకి నొక్కినప్పుడు అంటిన చెమట రాగి మీద వేలిముద్రగా నిలిచిపోతుంది. ఆపైన ఒక్కవైపే కనిపిస్తుంది. బొరుసు చూడాలంటే నాణేన్ని ఊడబెరకాలి. రెండువైపులా పారదర్శకపు పట్టీలు జరిపే ఆల్బమ్‌లు ఆ ఇబ్బందిని తీర్చాయి కానీ, పట్టీ జరిపిన ప్రతిసారీ బొమ్మ చెక్కిలి మీద సన్నగీతలు పడ్డాయి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది మెత్తటి పీవీసీ. బిరుసుగా ఉండే ఈ ప్లాస్టిక్‌ను మెత్తబరిచే పద్ధతిని వాల్డో సెమన్ 1926లో అమెరికాలోని బి. ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో కనుగొన్నాడు. రెయిన్‌కోట్లకు అది వరం. నాణేల కవర్లకు వాడినప్పుడు మాత్రం, మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థాలు మెల్లగా బయటికి ఊరతాయి; పీవీసీ విరిగి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్నీ వదులుతుంది. రాగి ఉన్న నాణెం మీద పచ్చటి జిగురు చిలుము కడుతుంది. తొలిదశలో స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచితే పోతుంది. ఆ పని గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా, పెద్దవాళ్లే చేయాలి. లోహాన్ని తొలిచేశాక మాత్రం చేయగలిగింది లేదు.

దీనికి విరుగుడు మైలార్ అనే పాలియెస్టర్ పొర. అందులో మెత్తబరిచే పదార్థాలూ క్లోరినూ ఉండవు. రెండంగుళాల చదరపు అట్టకు మధ్యలో ఈ పొర అతికించిన హోల్డర్లే ఇవాళ కొత్తవాళ్లకు అన్నిటికన్నా మేలు: చవక, రెండువైపులా కనిపిస్తుంది, పక్కన వివరాలు రాసుకునే చోటుంటుంది. 1986 నుంచి పీసీజీఎస్ వంటి సంస్థలు నాణ్యత నిర్ణయించి గట్టి ప్లాస్టిక్‌లో సీలు వేసి ఇస్తున్న డబ్బాలు ఖరీదైన నాణేలకే తగినవి.

మన చిల్లరతోనూ పోస్ట్ తరహా వెతుకులాట చేయవచ్చు. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది రెండు రూపాయల నాణెం వేర్వేరు టంకశాలల నుంచి రావచ్చు. నేటి స్టీలు నాణేలు మొండివి, తట్టుకుంటాయి. 1957 నాటి కంచు నయాపైసా, బ్రిటిష్ కాలపు వెండి రూపాయి అలా కాదు. ఇత్తడి చెంబుకు చేసినట్టు చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది, పైపొర పోతుంది, సేకర్తల దృష్టిలో విలువ పడిపోతుంది. ఆల్బమ్ షీట్లు కొనేటప్పుడు వాసన చూడండి. కొత్త రెయిన్‌కోటు వాసన వేస్తూ మెత్తగా సాగితే పక్కన పెట్టేయండి. విశాఖ, కాకినాడల్లాంటి తీరపట్టణాల్లో డబ్బాలో సిలికాజెల్ పొట్లం వేసి, వానాకాలంలో మార్చుతుండాలి. నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి. హోల్డరును మూయడానికి కొట్టిన స్టేపుల్ పిన్నుల కొనలను పట్టకారుతో అణచాలి, లేకపోతే పక్క హోల్డరు పొరను చీల్చి అందులోని నాణేన్ని గీకుతాయి. సంవత్సరం, టంకశాల, దొరికిన చోటు మాత్రం నాణెం పెట్టకముందే అట్ట మీద రాసేయాలి. పెట్టాక రాస్తే కలం ఒత్తిడి నాణెం మీద పడుతుంది.