కారు వెనుక చక్రములు: అలైన్‌మెంటు ఎప్పుడు వలయును?

కుట్టుమిషనులో సూది విఱిగినచో మనమే మార్చుకొందుము. కుక్కరు రబ్బరు సాగినచో కూత రాకపోవుటను బట్టియే కనిపెట్టుదుము. వాకిటిలోని కారు చప్పుడు చేసినప్పుడు మాత్రము అది మన పని కాదనునట్లు ఊరకుందుము. బిడ్డలను బడికి దింపుటకు తామే కారు నడుపుకొనిపోవు సోదరీమణు లిప్పు డెందఱో యున్నారు గావున నీ సంగతి యిచ్చట వ్రాయుచున్నాను.

మా వదినెగారి చిన్నకారునకు తొమ్మిదేండ్లు నిండినవి. గతుకు వచ్చినప్పుడెల్ల వెనుక టకటకమని చప్పుడు. డిక్కీలో బిందె మఱచితినేమో యని వారు రెండుమార్లు తెఱచి చూచిరట. షెడ్డులో జాకీ పెట్టి యెత్తి చూడగా వెనుక షాక్ అబ్సార్బరులు రెండును నూనె కారి తడిసియుండెను. టైరుపై చేయి రాచినచో నక్కడక్కడ పల్లములు తగిలినవి.

బండి బరువును మోయునది స్ప్రింగు. ఊయల నొకమారు తోసి విడిచిన నది చాలసేపు ఊగును. చేయి యడ్డుపెట్టిన నిలిచిపోవును. స్ప్రింగు ఊయల వంటిది, షాక్ అబ్సార్బరు ఆ చేయి వంటిది. అది చెడినచో చక్రము నేలను విడిచి యెగిరెగిరి పడును. టైరు పల్లములు పడి యఱుగును. తడిదారిలో బ్రేకు వేసినప్పుడు బండి సరిగా నిలువదు. ఒకవైపున మాత్రమే కారినను రెండును జతగా మార్చుటయే మేలు.

మార్చిన పిమ్మట షెడ్డువాడు, "వెనుక అలైన్‌మెంటు కూడ చేయవలెనమ్మా" యని బిల్లులో వ్రాసెను. ఇచ్చట మన మడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ బండి వెనుక చక్రములు దేనికి బిగింపబడియున్నవి? మన దేశపు చిన్నకార్లలో పెక్కింటికి వెనుక చక్రములు రెండును ఒకే యుక్కుదూలమునకు బిగింపబడి యుండును. చక్రముల దిక్కును నిర్ణయించునది ఆ దూలమే. షాక్ అబ్సార్బరులు, స్ప్రింగులు మార్చినంతమాత్రమున నా దిక్కు మాఱదు. సాధారణముగా దానిని సవరించుటకు బోల్టుకూడ నుండదు. లేనిదానిని సవరించితి మనుటకు డబ్బెందులకు? వదినెగారు మర్యాదగానే యడిగిరి. అతడు మాటాడక యా పద్దు కొట్టివేసెను. దూలమే వంగినప్పుడు, దాని బుష్‌లు చినిగి మార్చినప్పుడు మాత్రము కొలత తప్పక చూపింపవలెను.

మా పొరుగింటావిడకు దీనికి సరిగా తలక్రిందైన యనుభవము కలిగినది. వారిది పెద్దకారు; వెనుక నొక్కొక్క చక్రమునకు వేర్వేరుగా పలు చేతులుండును. అట్టి బండిలో చక్రము నిటునటు త్రిప్పునవి యా చేతులే. రెండు చేతులు మార్పించి, అలైన్‌మెంటు డబ్బు మిగిలినదని సంతోషించినారు. కొన్ని నెలలకు శ్రీశైలము ప్రయాణమునకు ముందు గాలి పట్టించుచుండగా, వెనుక టైర్ల లోపలి యంచులు తీగలు బయటపడునంతగా నఱిగి యుండుట కనబడెను. వెలుపలివైపు క్రొత్తవానివలె నుండెను. ఆ టైర్లతో ఘాటు దిగియుండినచో నేమయ్యెడిదో! అట్టి బండికి నాలుగు చక్రముల అలైన్‌మెంటు చేయించి, ముందరి కొలతలును వెనుకటి కొలతలును గల కాగిత మడిగి తీసికొనవలెను.

షెడ్డులలో తఱచుగా జరుగు పొరపాటు మఱొకటి. రబ్బరు బుష్‌లు గల బోల్టులను చక్రములు గాలిలో వ్రేలాడుచుండగానే గట్టిగా బిగింతురు. బండి దింపినంతనే రబ్బరు మెలిపడి, యెప్పటికి నట్లే యుండి త్వరలో చినిగిపోవును. చేతితో తగిలించి, బండి బరువు చక్రములపై నిలిచిన పిమ్మటనే కడపటి బిగింపు బిగింపవలెను. అలైన్‌మెంటు దాని తరువాతనే.

ఒక వేగమున మాత్రమే స్టీరింగు వణకుట సాధారణముగా బాలెన్సింగు లోపము. బండి యొకవైపునకు లాగినచో ముందుగా గాలి చూపింపుడు. అనేక పర్యాయములు దానితోనే సరిపడును. తిన్నగా పోవుచున్నను స్టీరింగు వంకరగా నిలిచినచో, వెనుక చక్రముల దిక్కుకూడ కొలిపించి చూడుడు.