సైన్స్ ఫెయిర్‌కు రెండు మట్టికుండలు

సైన్స్ ఫెయిర్ అనగానే చాలా బడుల్లో బల్ల ఎక్కేది అగ్నిపర్వతమే. వంటసోడాలో వెనిగర్ పోస్తే ఎర్రటి నురగ పొంగుతుంది, చుట్టూ చప్పట్లు. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్‌ది. అసలు అగ్నిపర్వతం కథ వేరు: శిలాద్రవం పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, అందులో కరిగి ఉన్న నీటి ఆవిరీ ఇతర వాయువులూ ఉబికి బయటికి తన్నుకొస్తాయి. ఆ నమూనా ఇదేమీ చెప్పదు. పైగా ఏం జరగబోతోందో చేసే పిల్లలకు ముందే తెలుసు. అలాంటిదాన్ని ప్రయోగం అనడానికి నాకు మనసొప్పదు.

ముందు కావలసింది కొలిచి జవాబు చెప్పగల ప్రశ్న. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ కూడా మీ ఊరి సమస్యనే పరిశీలించమంటుంది. ఉదాహరణకు, మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో పుస్తకంలోనే ఉంది: గోడల్లోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. అదే కుండను చెమర్చనివ్వకపోతే ఎన్ని డిగ్రీల తేడా వస్తుంది? ఇది కొలిస్తేనే తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది కుండ పక్కన స్టీలు బిందె పెడతారు. అప్పుడు చెమర్చడం ఒక్కటే కాదు, పాత్ర చేసిన పదార్థమూ, గోడ మందమూ, ఆకారమూ అన్నీ మారిపోతాయి. వచ్చిన తేడా దేనివల్లో చెప్పలేం. ఒకే సైజు కుండలు రెండు కొని, ఒకదానికి బయటంతా ఎనామిల్ పెయింట్ వేసి బాగా ఆరనివ్వండి. రెండింటిలో అవే నీళ్లు, అదే కొలత, ఒకేలాంటి మూతలు, ఒకే నీడ. మారింది పెయింట్ మాత్రమే. గంటగంటకూ థర్మామీటర్‌తో చూసి రాసుకోవాలి. జ్వరం చూసేది పనికిరాదు, దాని అంకెలు 35 డిగ్రీల దగ్గరే మొదలవుతాయి. ల్యాబ్‌లో ఎర్ర ద్రవం ఉన్నది అడిగి తీసుకోండి. కనీసం మూడు రోజులు చేస్తే ఒక రోజు గాలి మాయ చేసినా బయటపడుతుంది.

కాటా దొరికితే ఈ ప్రాజెక్టు ఇంకా బాగా పండుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే తీసేయవలసింది ఒక్క కేలరీ. అంటే 5 లీటర్ల కుండ బరువు 50 గ్రాములు తగ్గితే, లెక్క ప్రకారం నీళ్లు 6 డిగ్రీల దాకా చల్లబడాలి. థర్మామీటర్ అంత చూపించదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలి నుంచి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. లెక్కకూ కొలతకూ ఎంత దూరం ఉందో చూపించిన పిల్లలకు నేనైతే మొదటి బహుమతి ఇస్తాను.

విశాఖలో ఉక్కపోత రోజున చేసిన ప్రయోగానికీ అనంతపురం పొడి ఎండల్లో చేసినదానికీ అంకెలు కలవవు. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరవడం మందగిస్తుంది. అందుకే రెండో థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేచోట వేలాడదీయండి. అది చూపించే ఉష్ణోగ్రత కంటే కిందికి కుండనీళ్లు ఆవిరవడం ద్వారా చల్లబడలేవు. వేరే ఊళ్లో ఉన్న పెదనాన్న పిల్లలతోనూ అదే వారం చేయిస్తే పోల్చడానికి రెండు పట్టికలు చేతిలో ఉంటాయి.

పెయింట్ వేసిన కుండ కూడా కాస్త చల్లబడితే ఆ అంకెను దిద్దకండి. అడుగున పెయింట్ అందిందా, మూత సందులోంచి ఆవిరి పోతోందా, పోసిన నీళ్లు గది కంటే వెచ్చగా ఉన్నాయా అని ఒక్కొక్కటే చూసి మళ్లీ కొలవండి.